రేవు గంట

అక్కా,

ముందు కూర్చో, తర్వాత చదువు. ఊరి చరిత్ర చెబుతూ జనాన్ని తిప్పే నేను రేవు గంట దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగనని నీకు తెలుసుగా. పొగమంచులో గంట కొట్టాల్సిన నాన్న నిద్రపోయాడనీ, అందుకే పడవ రాళ్లను ఢీకొట్టిందనీ ఊరంతా అంటుంటే ఇన్నేళ్లూ తలొంచుకునే తిరిగాం.

ఈ చలికి ఇవాళ నలుగురే వచ్చారు. వాళ్లను గబగబా గంట దాటిస్తుంటే ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ పడవలో నేనున్నానమ్మా. గంట మోగుతూనే ఉంది. పడవ నడిపిన మా తమ్ముడే పందెం కాసి రాళ్ల మధ్యకు పోనిచ్చాడు. వాడు పోయేదాకా నోరు విప్పలేకపోయాను."

ఆమెను తిట్టాలనే అనుకున్నాను. ఏడుస్తూ నవ్వేశాను.

రేపటి నుంచి నడక గంట దగ్గరే మొదలు. పెట్టె అడుగున దాచావే నాన్న ఫోటో, అది వెంటనే పంపించు. అందరికీ చూపించాలి.

నీ చెల్లి