నా పేరుతో ఎవరో

ఫిబ్రవరి 4, 2008, సోమవారం. హిందూపురం

ఆఫీసులో దొంగ ఉన్నాడు. ఇది ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

మేం చేసేది ధర్మవరం చీరల సైటు. మగ్గం చీర ఏదైనా ఒక్కటే పీసు. ఒకరు కొన్నాక ఇంకొకరికి కనబడకూడదు. అది చెక్ చేసే చిన్న ప్రోగ్రామ్, టెస్ట్ అంటాం, నేను రాశాను. అందరి కోడూ ఒకేచోట, ఎస్‌వీఎన్‌లో పెడతాం. ఎవరు ఏం మార్చినా పేరూ టైమూ దాని లాగ్‌లో పడతాయి. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం టెస్టులన్నీ వాటంతటవే నడుస్తాయి. ఒక్కటి ఫెయిలై రెడ్ అయినా కొత్త కోడ్ సైటుకు పోదు.

శనివారం నా టెస్ట్ రెడ్ అయింది. తప్పు నా పక్క సీటు జయప్రకాష్ రాసిన పేజీలో ఉంది. సరిచేయడానికి పదిరోజులు కావాలన్నాడు. పెండ్లిండ్ల సీజన్ పోతాంటే పదిరోజులు అంటే ఎట్లబ్బా అన్నాడు మా ఓనర్ శంకరప్ప. ఈ పొద్దున చూస్తే నా టెస్టే లేదు. ఎవరో తీసేశారు. లాగ్‌లో పేరు: పవిత్ర.

పవిత్ర అంటే నేనే. నేను తీయలేదు. టెస్ట్ మళ్ళీ పెట్టేశాను.

ఫిబ్రవరి 5

జయప్రకాష్‌ను అడిగాను. నీ పేరే ఉండాది కదా, నన్నెందుకు అడుగుతాండావు అన్నాడు. తలకాయ కూడా ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాలి కదా, ఇతను అదీ చేయలేదు. గట్టివాడు.

ఫిబ్రవరి 6

నిర్మల మీదా డౌటే. ఒకే రూములో ఉంటాం, ఒకే ఆఫీసు. నా పాస్‌వర్డ్ మా ఊరి పేరు, రామగిరి. అది ఆమెకు తెలియని విషయమా? ఈరోజు సంగటిలోకి తన చట్నీ అంతా నాకే వేసింది. ఎందుకంత ప్రేమ?

పాస్‌వర్డ్ మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 7, గురువారం

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉండేది శంకరప్ప రూములోని సిస్టమ్‌కు మాత్రమే. అందుకే కోత వచ్చినప్పుడల్లా మేం పెన్‌డ్రైవ్‌లతో అక్కడికే పోయి, ఒకరి తర్వాత ఒకరం అదే కుర్చీలో కూర్చుని కోడ్ పెట్టి వస్తాం. నా వంతు వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ కొడుతుంటే ఒళ్ళంతా కళ్ళు చేసుకున్నాను. జయప్రకాష్ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. మరీ అంత శ్రద్ధగా చూడడానికి దాంట్లో ఏముంది?

ఫిబ్రవరి 8

టెస్ట్ ఉంది. రెడ్‌గానే ఉంది. హమ్మయ్య.

ఫిబ్రవరి 9, శనివారం

చీరల ఫోటోలకని జయప్రకాష్, నిర్మల, నేను ముగ్గురం పొద్దున్నే రైల్లో ధర్మవరం పోయాం. పెనుకొండ దగ్గర జయప్రకాష్ శనక్కాయలు కొని నా చేతిలో పోశాడు. తిన్నాను. అనుమానం మాత్రం అలాగే ఉంది. మధ్యాహ్నమంతా కుళ్లాయప్ప అనే నేతగాడి ఇంట్లోనే ఉన్నాం. సైటులో ఉన్న ఎర్రంచు చీర ఆయనదే. దాన్ని బిడ్డను సాకినట్ల సాకినాను అన్నాడు.

ఫిబ్రవరి 11, సోమవారం

శనివారం సాయంత్రం కొత్త పేజీ సైటుకు పోయింది. నిన్న ఆ ఎర్రంచు చీరను ఇద్దరు కొన్నారు. ఇద్దరివీ పెళ్ళిళ్లే. కుళ్లాయప్ప ఫోన్ చేసి, ఉండేది ఒక్క చీర, రెండోది యాడ్నుంచి తెచ్చేదప్పా, నన్ను మోసగాన్ని చేస్తిరి కదా అన్నాడట.

నా టెస్ట్ మళ్ళీ మాయం. శంకరప్ప అందరి ముందూ లాగ్ తెరిచి నా పేరు పైకి చదివాడు. ఒప్పుకుంటే సరి, లేకుంటే గురువారం నుంచి రావద్దన్నాడు.

మా ఇంట్లో గొర్రెలకు ఎర్రరంగు గుర్తు వేస్తారు. ఆ గుర్తున్న గొర్రె ఎవరి చేను మేసినా తిట్లు మా నాయనకే. దాన్ని చేన్లోకి తోలిందెవరని ఎవరూ అడగరు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

ఫిబ్రవరి 12, ఉదయం 9

అందరికంటే ముందు వచ్చి లాగ్‌లో టైము చూశాను. శనివారం, మధ్యాహ్నం 3.10. అప్పుడు మేం ముగ్గురం కుళ్లాయప్ప మగ్గం ముందున్నాం. ఆఫీసులో ఉన్నది శంకరప్ప ఒక్కడే.

నా కొత్త పాస్‌వర్డ్ ఆయనకెలా తెలుసు? తెలియనక్కర్లేదు. గురువారం ఆ సిస్టమ్ సేవ్ చేయాలా అని అడిగితే, ఎవరైనా చూస్తారేమోనన్న తొందరలో ఎస్ కొట్టేశాను. పాతదీ అలాగే ఎప్పుడో సేవ్ చేసి ఉంటాను. మనుషులకు దాచి మెషీన్‌కు అప్పజెప్పాను. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పవిత్రే. నా బుద్ధికి చెప్పు తీసుకుని కొట్టుకోవాలి.

సాయంత్రం 6

జయప్రకాష్‌కు చెప్పాను. ఆయప్పే అని నాకు మొదట్నుంచీ అనుమానమే, నువ్వు నన్ను దొంగను చూసినట్ల చూస్తాంటివి, చెప్తే నమ్ముతావా అన్నాడు. నిర్మల మా ఇద్దరికీ టీ తెచ్చింది.

ఫిబ్రవరి 13, బుధవారం

కరెంటు పోయింది. శంకరప్ప రూముకు పోయాను. ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన చూస్తుండగానే, సేవ్ అయిన పాస్‌వర్డ్‌లన్నీ తుడిచేశాను. టెస్ట్ మళ్ళీ పెట్టాను. దాంతోపాటు లాగ్‌లో పడే మెసేజ్‌లో రాశాను: శనివారం 3.10కి పవిత్ర ధర్మవరంలో ఉంది.

పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని సిస్టమ్ అడిగింది.

నో కొట్టాను.