సుజాత పచ్చచీర

మంగళవారం, జాతర రాత్రి

మా పాప భవ్యకు జ్వరం తగ్గితే ఆడవేషం కడతానని గంగమ్మకు మొక్కుకున్నాను. ఈరోజు తీర్చాను. కొత్త చీర ఎందుకు దండగ అని పెట్టెలోంచి వాళ్లమ్మ సుజాత పచ్చచీర తీశాను. బుద్ధి లేదు నాకు.

నల్ల ఊలుతో జడ నేనే అల్లాను. అట్టముక్కకు బంగారు కాగితం అతికించి భవ్య వడ్డాణం చేసింది. మీసం తీసేసి కాటుక పెట్టించుకుంటుంటే ఇద్దరం పడీపడీ నవ్వాం. సుజాత పోయాక ఈ ఇంట్లో అలా నవ్వడం ఇదే మొదలు.

గుడి దగ్గర నాలాంటి వేషాలు ఎన్నో. అక్కడ బాగానే ఉంది. ఇంటికొచ్చి జడ తీయబోతే భవ్య చేయి పట్టుకుంది.

"తియ్యొద్దు నాయనా. ఈ రాత్రికి అట్లే ఉండు."

"ఉక్కగా ఉండాది పాపా."

"మాట్లాడొద్దు. మాట్లాడితే నాయనవైపోతావు."

నోరు మూసుకున్నాను. కొంగు మొహం మీదకు లాక్కుని నా ఒళ్లో నిద్రపోయింది.

వంట నేర్చుకున్నాను, జడలు వేయడం నేర్చుకున్నాను, పాత గుడ్డలతో బొమ్మలు కుట్టిచ్చాను. సరిపోతుందనుకున్నాను...

కొంగు ఇంకా దాని పిడికిట్లోనే ఉంది. లాడ్జిలో పొద్దున్నే డ్యూటీ. లేపాలంటే నేను మాట్లాడాలి.