అమ్మకు పడిన కొర్రమీను

నాయనా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. నీ కుట్టుమిషను సొరుగు సర్దుతుంటే, పుంజు ఈకలకు దారం చుట్టి పురుగుల్లా నువ్వు చేసుకున్న ఎరలు దొరికాయి. పుంగనూరులో నీ టైలరు షాపుకు ఎవరో ఇచ్చిన క్యాలెండరులో ఈకల ఎరకు ఎగురుతున్న ట్రౌట్ చేప బొమ్మ చూసి, చలిదేశాల్లో ఇట్లాగే పడతారని చెప్పి, ఆరేళ్లు సదుం చెరువులో వాటిని విసిరావు. ఒక్క చేపా పడలేదు. అమ్మ నవ్వేది.

ఆదివారం అమ్మే నన్ను చెరువుకు పిలుచుకుపోయింది. నీ గాలం తనే విసిరింది. నాలుగోసారి ఈక నీటి మీద వాలగానే కొర్రమీను ఎగిరి పట్టింది. చీర మోకాళ్ల దాకా తడిసినా అమ్మ వదల్లేదు, గట్టుకు లాగింది. తర్వాత మెల్లగా కొక్కెం తీసి, చేపను మళ్లీ నీళ్లలోకి వదిలింది.

"యాల వదిలేస్తివి?" అన్నాను.

"పడతాదని మీ నాయన ఒట్టేసి చెప్పినాడు. పడింది. ఇంక దాంతో మనకేం పని?"

ఇంటికొచ్చేటప్పుడు బజారులో చేపలు కొని పులుసు చేసింది. ఇప్పుడు భుజం నొప్పని నాతో మందు రాయించుకుంటూనే, వచ్చే ఆదివారం కూడా పోదామంటోంది.

నీ కూతురు