పరుపు రెండో వైపు

శనివారం

అక్కా,

మెట్ల మీద జారి పడ్డానని ఫోన్లో చెప్పింది అబద్ధం. నిన్న సాయంత్రం నీ మరిది నా తల మంచం కోడుకేసి మూడుసార్లు కొట్టాడు. లాండ్రీలో మిషన్ల మోతకి అతని ఫోన్ వినపడలేదు, అదీ కారణం. కనుబొమ్మకి ఐదు కుట్లు పడ్డాయి. ముందు పన్ను ఒకటి ఊడింది. నెత్తురు పరుపు మీదంతా పడింది.

ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి టీ పెట్టి ఇచ్చాడు. "ఎల్లుండి మా అమ్మొస్తోంది. ఆ పరుపు సంగతి చూడు. నీకు వచ్చిన పనేగా!" అని నవ్వాడు.

పదకొండేళ్లుగా హోటల్ దుప్పట్లు ఉతుకుతున్నాను, పని తెలుసు. నెత్తురుకి చన్నీళ్లే. వేడినీళ్లు తగిలితే గుడ్డలో ఉడికి పట్టేస్తుంది, ఇక వదలదు. అంచు నుంచి మధ్యకి తడిగుడ్డతో అద్దాను. వాసనకి వంటసోడా చల్లాను. రేపటిదాకా అలా ఉంచాలి.

బావకి చెప్పకు, కర్ర పట్టుకుని వస్తాడు. కోపం దిగితే ఇతను మంచివాడే. సర్దుకుంటాను.

నీ చెల్లి

మంగళవారం

అక్కా,

ఆ ఉత్తరం చించెయ్యకు, పోలీసులు అడుగుతారు.

ఆదివారం వాక్యూమ్ క్లీనర్‌తో సోడా లాగేసి, రెండో వైపూ శుభ్రం చేద్దామని పరుపు తిప్పాను. తలగడ ఉండే చోట చేటంత గోధుమరంగు మరక. నాది అంత లోతు దిగలేదు. పైగా ఇది ఎవరో వేడినీళ్లు పోసి రుద్దినది. ఆ పరుపు నా పెళ్లికి ముందునుంచే ఇంట్లో ఉంది.

మా అత్తగారు రాగానే చూపించాను.

"టీ ఒలికింది," అందావిడ.

"టీ మరక ఇలా ఉండదత్తయ్యా."

ఆవిడ మరక మీద వేలు పెట్టి చూసింది. తర్వాత మంచం పట్టె మీద కూలబడింది. "నేనే కడిగానమ్మాయ్. మరుగుతున్న నీళ్లు పోశాను. మరక పోలేదు, పరుపు తిప్పేశాను."

మొదటి భార్య ఎవడితోనో వెళ్లిపోయిందని కదా ఇతను మనకి చెప్పింది. ఆ నెత్తురు ఆమెదేనని అత్తగారు చెప్పింది. ఆమె పుట్టింట్లోనే ఉందట. ఎడమ కన్ను లేదట.

అప్పుడే అతను లోపలికొచ్చాడు. పరుపు చూశాడు. "నిన్నెవరు తిప్పమన్నారే?" అని నా జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. కుట్లు తెగాయి. రెండోసారి వెనక్కి లాగుతుండగా అత్తగారు వాక్యూమ్ క్లీనర్ ఇనప గొట్టం ఎత్తి అతని మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అతను "అమ్మా!" అని అరిచాడు. ఆవిడ ఇంకోటి వేసింది, మోకాలి మీద. అతను కింద పడ్డాడు. నేను పోలీసులకి ఫోన్ చేశాను.

పరుపు వాళ్లే మోసుకెళ్లారు. స్టేషన్లో నా మాట రాసుకున్నాక రైటర్ నా పక్కన కూర్చున్న అత్తగారి వైపు తిరిగాడు.

"ఇంట్లో గొడవేగా పెద్దమ్మా, మీరెందుకు ఇందులో? అతనికి మీరేమవుతారు?"

"కన్నతల్లిని," అంది అత్తగారు. "మొదటి కోడలి నుంచి చెప్తాను. రాసుకో."

నీ చెల్లి