మునిరత్నమ్మ కోడీ, మా మల్గోబా చెట్లూ

బంగారుపాళ్యం,
మే 5, 2007.

చిరంజీవి ఢిల్లీబాబుకు, మేనత్త పంకజాక్షి దీవించి రాసే జాబు. ఈడ మేమంతా బాగుండాము. నువ్వు తిరపతిలో ఇంటర్నెట్ అంగడి పెట్టుకోని పూటకింత తింటా ఉండావో లేదో రాయి.

ఫోన్ సెయ్యకుండా జాబు ఎందుకంటే, నేను ఫోన్ పట్టుకుంటే సాలు, మీ మామ కుర్చీ లాక్కోని పక్కన కూసుంటాడు. ఆయన్ని ఆయన ముందరే తిట్టేదెట్ల?

సంగతి ఇదీ. గుజ్జు ఫ్యాక్టరీ ఏజెంటు ఎల్లప్ప మళ్ళా వచ్చినాడు. మన మామిడి తోటని ఐదేండ్లకి గుత్తకి ఇమ్మంటాడు. మల్గోబా, ఖాదర్ రకాలు ఫ్యాక్టరీకి పనికిరావంట. కొమ్మలన్నీ కొట్టేసి, ఆ మోళ్ళకి గుజ్జుకి పనికొచ్చే బెంగుళూరా రకం అంట్లు కడతాడంట. మీ మామ పరంధామయ్య తలకాయ ఊపేసినాడు. ఆ మల్గోబా చెట్లు నేను కాపరానికొచ్చిన ఏడు నా చేత్తో నాటినవిరా! కడవతో నీళ్ళు మోసింది నేను, తలకాయ ఊపేది ఆయన. కడుపు మండి నేను అన్నం మానేస్తే అప్పుడు దిగొచ్చినాడు. ఈ కాపు మండీకి పోకుండా మన గేటు కాడనే అమ్ముడుబోతే గుత్త మాట ఎత్తడంట. లేదంటే మల్గోబా కోత కాలం ముగిసిన మర్నాడే ఎల్లప్ప రంపాలు తెస్తాడు.

తోటని కంప్యూటర్లో పెడితే జనం సూసి వస్తారంటివే. పెట్టు నాయనా. మద్రాసు–బెంగుళూరు రోడ్డు మన గేటు ముందరే పోతా ఉండాది, వొక్క కారన్నా ఆగదు.

ఇట్లు,
కడుపు మంటతో, మీ అత్త పంకజాక్షి.

తా.క.: పక్కింట్లో ఉండే మా తోడికోడలు మునిరత్నమ్మ కోడి, మిద్దె మింద నేను ఎండేసిన వడియాలన్నీ మేసేసింది. ఇదేం న్యాయమని అడిగితే, "నీ వడియాల్లో ఉప్పు జాస్తి అక్కా, పొద్దున్నించి నా కోడి నీళ్ళు తాగతానే ఉండాది. దానికేమన్నా అయితే నీదే పూచీ" అనింది.

---

తిరుపతి,
మే 19.

పూజ్యురాలైన అత్తకు, ఢిల్లీబాబు నమస్కరించి రాస్తున్నది.

తోట పేరు మీద బ్లాగు తయారుచేశాను. బ్లాగంటే కంప్యూటర్లో ఉండే పత్రిక అనుకో. ఎవరైనా చదవచ్చు, చదివినవాళ్ళు కింద తమ మాట రాయచ్చు. 'ఫలరాజ వైభవం' అని పేరు పెట్టాను. మామిడి పుట్టుపూర్వోత్తరాలు, పోషక విలువలు, మల్గోబా గుణగణాలు వరసగా రాశాను. పేజీ తెరవగానే ఒక చిలక అటునుంచి ఇటు ఎగురుతుంది. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే మీటరు కూడా కింద బిగించాను. వారం తిరిగేసరికి అది తొమ్మిది చూపించింది. అందులో ఎనిమిదిసార్లు నేనే. తొమ్మిదో ఆయన చిలకను చూసి జడుసుకుని పారిపోయినట్టున్నాడు.

ఇంకేం రాయాలో తోచక, నిన్న నీ ఉత్తరంలోని తా.క. ఉన్నదున్నట్టు టైపు చేసి పెట్టాను. అత్తా, ఈ రోజు పొద్దున చూస్తే మీటరు పరుగెత్తింది! కింద ఆరుగురు రాశారు. "తర్వాత కోడి ఏమైంది?" అని ఒకరు. "ఆ మునిరత్నమ్మ అచ్చం మా పిన్నిలాగే ఉంది" అని ఇంకొకరు. మల్గోబా గుణగణాల గురించి ఒక్కరూ అడగలేదు.

కాబట్టి ఈసారి తా.క. పొడుగ్గా రాయి. మునిరత్నమ్మత్త ఇంట్లో ఏం జరిగినా, ఎవరేమన్నా ఒక్క ముక్క వదలొద్దు.

ఇట్లు,
కొండంత ఆశతో, ఢిల్లీబాబు.

తా.క.: చిలకను తీసేశాను.

---

బంగారుపాళ్యం,
మే 24.

చిరంజీవి, అతి తెలివి ఢిల్లీబాబుకు అత్త ఆశీస్సులు.

నీ జాబు రెండు మాట్లు చదివినాను. కోడి ఏమైందని అడిగేదానికి కరెంటు కాల్చుకోని కంప్యూటర్ ముందర కూసునే మడిసి ఈ లోకంలో ఉండాడంటే నన్ను నమ్మమంటావా? మునిరత్నమ్మ ఇంట్లో ఎవరేమన్నా రాయాలంట! ఆ ఇంట్లో ఉండేది ఎవరురా? మునిరత్నమ్మ, ఆమె మొగుడు, కోడి, కూతురు లోహిత. మొగుడు నోరు తెరవడు. కోడికి మాటలు రావు. ఇంక మిగిలింది ఎవరో నాకి తెలీదా? పోయిన ఉగాదికి వచ్చినప్పుడు నువ్వు వాళ్ళ గోడ కాడ నిలబడి మూడు మాట్లు నీళ్ళు అడిగితివి. అప్పుడే అనుకున్నా.

సిగ్గుపడొద్దు నాయనా. అత్తతో సెప్పుకోకుంటే ఎవురితో సెప్పుకుంటావు? ఆ పని నాకి వొదిలిపెట్టు. నువ్వు మాత్రం తోట సంగతి మరిసిపోవాకు. బేనీషా కాయ కోతకొచ్చింది, గేటు కాడ ఈగలు తప్ప బేరం లేదు.

ఇట్లు,
అన్నీ తెలిసిన మీ అత్త.

తా.క.: కోడి ఇప్పుడు మా గడ్డివాములో గుడ్డు పెడతా ఉండాది. గుడ్డు మాదని నేను. "గడ్డి మీదే గానీ కష్టం మా కోడిది" అని మునిరత్నమ్మ. పంచాయితీ మీ మామ కాడికి పోతే, ఆయన తీర్పు సెప్పకుండా గుడ్డుని అట్టేసుకోని తినేసినాడు.

---

తిరుపతి,
మే 30.

అత్తకు అనేక నమస్కారాలు.

ఎంత మాటన్నావు అత్తా! లోహితకూ నాకూ ఏమీ లేదు. ఆ రోజు ఎండకు దాహమేసింది, అంతే.

పాఠకులు నిజంగానే ఉన్నారు. గుడ్డు తీర్పు పెట్టిన రోజు మీటరు గిర్రున తిరిగింది. బెంగుళూరు, మద్రాసు, హైదరాబాదు, నేను పేరు కూడా వినని ఊళ్ళు! వాళ్ళలో రెండు పార్టీలు కూడా లేచాయి. నీవైపు వాళ్ళది వడియాల పార్టీ, మునిరత్నమ్మత్త వైపు వాళ్ళది కోడి పార్టీ. పొద్దస్తమానం కొట్టుకుంటున్నారు. నేను కూర్చుని ఒక్కొక్కరికీ జవాబు రాస్తున్నాను. పలకరిస్తే మనిషి మళ్ళీ వస్తాడు, వచ్చేటప్పుడు ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తాడు. బ్లాగు పేరు కూడా 'అత్త తా.క.' అని మార్చేశాను. ప్రతిదాని చివరా మన తోటకు దారి, ఏ పండు కోతకొచ్చిందో రెండు ముక్కలు చేరుస్తున్నాను. మీరిద్దరూ ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే చాలు, కార్లు ఆగుతాయి. దయచేసి ఏమీ మార్చొద్దు.

ఇట్లు,
తీరిక లేని ఢిల్లీబాబు.

తా.క.: లోహిత ఇంకా చిత్తూరులోనే చదువుతోందా? పాఠకులు అడుగుతున్నారు.

---

బంగారుపాళ్యం,
జూన్ 4.

కాబోయే పెండ్లికొడుకు ఢిల్లీబాబుకు అత్త దీవెనలు.

నీ తా.క. చదివినాక నేనింక ఆగలేదు. పూలు, అరటిపండ్లు పళ్ళెంలో పెట్టుకోని మునిరత్నమ్మ ఇంటికి పోయినాను. ఆ గడప తొక్కి ఎన్నేండ్లయిందో! "లోహితని మా ఢిల్లీబాబుకి అడగను వచ్చినా" అంటానే ఆమె నా చెయ్యి పట్టుకోని ఏడ్సేసింది. నేనూ ఏడ్సినాను. వడియాలకి ఆమె తప్పు ఒప్పుకునింది, ఉప్పుకి నేను ఒప్పుకున్నాను. కోడికి ఇద్దరం కలిసి గింజలేసినాము. లోహిత అవునని అన్లేదు, కాదని అన్లేదు. నవ్వుకోని లోపలికి పొయ్యింది.

ఇట్లు,
మనసు సల్లబడిన మీ అత్త.

తా.క.: రాసేదానికి ఏమీ లేదు. అందరూ బాగుండాము.

---

తిరుపతి,
జూన్ 9.

అత్తా, నమస్కారం. ఎంత పని చేశావు!

నీ తా.క. పెట్టాను. 'అందరూ బాగుండాము.' దానికి ఎవరేం రాస్తారు? ఒకాయన "సంతోషం" అని రాసి వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ "ఐతే ఇంక శుభం కార్డేనా?" అంది. మీటరు ఎక్కడిదక్కడ చచ్చినట్టు పడుంది. వడియాల పార్టీ లేదు, కోడి పార్టీ లేదు. నేను ఎన్ని పలకరింపులు రాసినా పలికే నాథుడు లేడు. అవతల మల్గోబా కోత ముంచుకొస్తోంది. కళ్ళు మూసుకుంటే ఎల్లప్ప రంపాలే కనబడుతున్నాయి.

నీ కాళ్ళకు దండం పెడతాను, రవ్వంత గొడవ పడండి అత్తా. పెద్దది వద్దు. వడియాల మీద చాలు.

ఇట్లు,
దిక్కుతోచని ఢిల్లీబాబు.

తా.క.: లోహిత నవ్వింది అన్నావు. ఎలా నవ్వింది?

---

బంగారుపాళ్యం,
జూన్ 14.

ఢిల్లీబాబుకి. దీవెనలు తర్వాత పంపిస్తా, ఇప్పుడు తీరిక లేదు.

కొట్లాట అడిగినావు కదా, తీసుకో. మునిరత్నమ్మ కోడి కనబడలేదు. దాన్ని నేనే కోసి పులుసు పెట్టినానంటాది! ఆ పొద్దు మా ఇంట్లోనించి పులుసు వాసన వచ్చిందంట. అది వంకాయ పులుసురా! నమ్మేదానికి ఆమె సిద్ధంగా లేదు. రెండిండ్ల నడుమ గోడ ఎత్తిస్తా అంటాది. వాళ్ళ బేనీషా తోటకి వేరే గేటు పెట్టి, మా గేటు పక్కనే ఆమె గూడా అమ్ముతాదంట. అమ్మనీ, సూస్తా. సంబంధం మాట గంగలో కలిసిపోయింది.

ఇట్లు,
నిన్ను ఏమనాలో తెలీని మీ అత్త.

తా.క.: "నీ కొంగుకి కోడి ఈక ఉండాది" అని ఊరందరి ముందరా అనింది. అది దిండులో దూది. నువ్వు ఎవురి పార్టీ అని మీ మామని అడిగితే, "పులుసు ఏమన్నా మిగిలిందా?" అన్నాడు.

---

తిరుపతి,
జూన్ 20.

అత్తకు, తలెత్తుకోలేని ఢిల్లీబాబు నమస్కారాలు.

మీటరు వేలల్లో తిరుగుతోంది. కోడిని ఎవరు మాయం చేశారని మూడు రాష్ట్రాల జనం తర్కించుకుంటున్నారు. మద్రాసాయన ఒకరు కొండకు నడిచిపోతూ, కోడి క్షేమంగా ఉండాలని అలిపిరిలో టెంకాయ కొట్టాడట. ఈ ఆదివారం రెండు పార్టీలూ బంగారుపాళ్యానికే వచ్చి తేల్చుకుంటాయట. ఇంతకంటే నాకేం కావాలి? కానీ ముద్ద దిగడం లేదత్తా. రవ్వంత గొడవ అడిగి రెండిండ్లకు నిప్పు పెట్టాను. మీరిద్దరూ మాట్లాడుకోకపోతే ఆ చెట్లుండి మాత్రం ఎవరి కోసం? ఈ ఆదివారం గడవగానే బ్లాగు మూసేస్తాను. ఆ తర్వాత వచ్చి మునిరత్నమ్మత్త కాళ్ళమీద పడతాను. కొత్త కోడిని తెస్తున్నాను.

ఇట్లు,
నీ పాపిష్టి అల్లుడు.

తా.క.: ఒకటి కాదు, రెండు కోళ్ళు. ఒకటి లోహిత చేతికివ్వాలి.

---

బంగారుపాళ్యం,
జూన్ 26.

బ్లాగు ముయ్యొద్దురా! ముందు అది సెప్పి తర్వాత దీవిస్తా. చిరంజీవి ఢిల్లీబాబు నూరేండ్లు సల్లగా ఉండాలి.

కొట్లాటా లేదు, గోడా లేదు. ఆ జాబు నేనూ మునిరత్నమ్మా ఒకే మంచం మింద కూసోని, సెనక్కాయలు తింటా రాసినాము. ఏమైందంటే, నీ ఏడుపు జాబు వచ్చిన పొద్దే లోహిత చిత్తూరులో నీ బ్లాగంతా కాగితాల మింద తీయించుకోని వచ్చి, మా ఇద్దరినీ కూసోబెట్టి చదివింది. నాకి ప్రాణం పోయినట్టయింది. మునిరత్నమ్మ సెనక్కాయలు ఒలుసుకుంటా వినింది. అంతా అయినాక, "ఏమక్కా, గుడ్డు పంచాయితీ నాడు నేను అనిన మాటల్లో మంచిమంచివన్నీ ఇడిసిపెట్టేసినావే! రాసేది వస్తే సక్కంగా రాయి" అనింది. ఎల్లప్ప సంగతి సెప్తే పైట బిగించింది. పులుసు నా తెలివి, ఈక ఆమె తెలివి. మీ మామ అనిన మాట మాత్రం నిజం. కోడి వాళ్ళింట్లో గంప కింద గుడ్లు పొదగతా ఉండె.

ఆదివారం సూడాల్సింది నువ్వు! బస్సులు పోయేదానికి దారి లేకుండా కార్లు. వడియాల పార్టీ మా గేటు కాడ, కోడి పార్టీ వాళ్ళ కొత్త గేటు కాడ. నేను తిడితే మా గేటు కాడ సప్పట్లు, మునిరత్నమ్మ తిడితే వాళ్ళ గేటు కాడ ఈలలు. గొంతు ఎండినోళ్ళంతా పండు కోయించుకోని తినినారు. తినినోళ్ళంతా గంపలకి గంపలు ఎత్తినారు. బెంగుళూరావిడ ఎవరో "గుడ్డు తినేసిన జడ్జిగారు మీరేనా?" అని మీ మామ పక్కన నిలబడి ఫోటో తీయించుకునింది. ఆ పొద్దంతా ఆయన తక్కెడ ఇడిసిపెట్టలేదు. మల్గోబా చెట్టున వొక్క కాయ మిగల్లేదు.

కాయ అయిపోయిందని విని, మర్నాటిదాకా గూడా ఆగకుండా మాపటికే ఎల్లప్ప రంపాల మనుషుల్ని తోలుకోని వచ్చినాడు. మీ మామ పొయ్యి మల్గోబా మొదట్లో నిలబడి, "ఈ చెట్లు నావి కావప్పా, నా పెండ్లాం నాటినవి. గుత్తకిచ్చేదానికి నేనెవర్ని?" అన్నాడు. ఢిల్లీ, ఆ మాట వినేదానికే నేను ఇన్నేండ్లు కాపరం చేసినట్టుండాది. అంతమంది ముందర బోరున ఏడ్సేసినాను. మునిరత్నమ్మ నన్ను కావిలించుకునింది. అది సూసి రెండు పార్టీలూ ఏడ్సినాయి. ఎల్లప్ప ఎప్పుడు పొయినాడో ఎవురూ సూడలేదు.

ఇట్లు,
మల్గోబా తోట యజమానురాలు, పంకజాక్షి.

తా.క.: సంబంధం గంగలో కలవలేదు, అది గూడా మునిరత్నమ్మ రాయించింది. లోహిత తన జవాబు నీ బ్లాగులోనే కామెంటుగా రాసినాదంట. పేరు పెట్టలేదంట. ఆ వేలల్లో ఏదో నిన్నే ఎతుక్కోమనింది.