పదిహేను మాటల జాబితా

జనవరి 8
ల్యాబ్‌లో మొదటి రోజు. ఐడీ కార్డు మీద నా ఫొటో దొంగతనం చేసి దొరికిపోయినదానిలా ఉంది. మా గైడ్‌ని వెనకాల అందరూ స్టాప్‌వాచ్ మేడమ్ అంటారు. మెడలో అది లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదట. డిమెన్షియాని మొదట్లోనే పట్టుకునే పరీక్షల మీద ఆవిడది ఇరవై ఏళ్ల పని.

నా పని పరీక్ష పెట్టడం. పదిహేను మాటలు చదవాలి, సెకనుకొకటి. ఎదుటి మనిషి తిరిగి చెప్పాలి. ఇలా ఐదుసార్లు. తర్వాత వేరే పనులేవో చేయించి, అరగంట పోయాక ఏమేం గుర్తున్నాయో అడగాలి. అసలు సంగతి ఆ అరగంట తర్వాతే బయటపడుతుందన్నారు మేడమ్.

ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. జాబితా బిల్డింగ్ దాటకూడదు. ముందే విన్నవాళ్ల మీద ఈ పరీక్ష ఎందుకూ పనికిరాదు.

జనవరి 19
జాబితా మేడమ్ ముందు చదివి చూపించడంలో మళ్లీ ఫెయిల్. మాటల మధ్య గ్యాప్ సమంగా రావడం లేదట. కష్టమైన మాట దగ్గర గొంతు పెంచి క్లూ ఇస్తున్నానట. చంటిపిల్లకి ముద్దలు పెడుతున్నట్టు చదువుతున్నావన్నారు మేడమ్. పక్క సీటులో ఉండే సీనియర్ నవ్వాడు. వాడి నవ్వుకి ఏదైనా మందు ఉందేమో రీసెర్చ్ చేయాలి.

జనవరి 20
జాబితాని ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంటికి తెచ్చాను. తప్పే. మరి ఎవరి మీద ప్రాక్టీస్ చేయాలి, గోడ మీదా?

పిన్ని మీద చేశాను. అమ్మ పోయేసరికి నాకు ఆరేళ్లు. అప్పట్నుంచీ అమ్మైనా నాన్నైనా పిన్నే. ముప్పై ఏళ్లుగా ఒకే మెడికల్ షాపులో ఫార్మసిస్టు. డాక్టర్ల కోడిగీతలు చదవగలిగే మనుషుల్లో నాకు తెలిసింది ఆవిడొక్కతే. ఉల్లిపాయలు తరుగుతూ మొదటిసారే పదకొండు మాటలు అప్పజెప్పింది. ఇంకా వేగంగా చదవవే, నిద్రొస్తోంది అంది.

మార్చి 2
పాసయ్యాను. మేడమ్ తలూపారు. అదే ఆవిడ చప్పట్లు.

నెలన్నరగా రోజూ పిన్నికి చదివి వినిపించాను. ఇప్పుడు నాకన్నా ఆవిడకే బాగా వచ్చు. గిన్నెలు తోముతూ గొడుగు, నిచ్చెన, దిండు, పడవ అంటూ రాగం తీస్తోంది. ఫొటో డిలీట్ చేశాను. చేస్తే తప్పు పోయినట్టే అనుకున్నాను.

జూన్ 14
ఇవాళొకాయనకి సున్నా. రిటైరైన జడ్జి. వెళ్తూ నాకు మూడుసార్లు థాంక్స్ చెప్పాడు.

ఆగస్టు 23
పిన్ని సంగతి రాయకూడదనుకున్నాను.

కూరలో రెండుసార్లు ఉప్పు ఎవరైనా వేస్తారు. ఏదో ధ్యాసలో పాలప్యాకెట్ తీసుకెళ్లి బీరువాలో ఎవరైనా పెడతారు. కానీ పక్క ఫ్లాట్ ఆవిడ భర్త పోయి నెలైంది. ఆయన ఎలా ఉన్నారని పిన్ని ఈ వారంలో నాలుగోసారి ఆవిడనే అడిగింది. ఆవిడ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. పిన్ని ఇంట్లోకొచ్చి, పాపం ఆవిడకేదో కష్టమొచ్చినట్టుంది, కనుక్కోవే అంది.

ఊరందరి జ్ఞాపకాలూ కొలిచేదాన్ని. దీపం కింద చీకటి.

సెప్టెంబర్ 11
షాపు ఓనర్ ఫోన్ చేశాడు. మంచాయన, పది నిమిషాలు నసిగాడు. ఒక పెద్దాయనకి రోజుకొకటి వేసుకోవాల్సిన బీపీ మాత్ర కవరు మీద పిన్ని రోజుకు మూడు అని రాసిచ్చిందట. ఆయన కోడలు నర్సు కాబట్టి సరిపోయింది. పిన్నిని పొమ్మనడానికి ఓనర్‌కి నోరు రావడం లేదు. ఒకసారి డాక్టర్‌కి చూపించమన్నాడు. అంతా బాగానే ఉందని కాగితం తెస్తే తనకి ఏ అభ్యంతరమూ లేదన్నాడు.

సెప్టెంబర్ 26, మధ్యాహ్నం 1
మా ల్యాబ్ కింద అంతస్తులోనే క్లినిక్. సొంతవాళ్లకి నేను పరీక్ష పెట్టకూడదు, సీనియర్ పెట్టాడు. నేను కారిడార్‌లో కూర్చున్నాను.

పదిహేనుకి పద్నాలుగు. అరగంట తర్వాత కూడా. డాక్టర్ నవ్వుతూ నిద్ర, విటమిన్లు, టెన్షన్ అని ఏవేవో చెప్పాడు. పరీక్ష నార్మల్ అని కాగితం ఇచ్చాడు. పిన్ని దాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగ్‌లో దాచుకుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

సెప్టెంబర్ 26, సాయంత్రం 6
ఏ జాబితా పెట్టావని సీనియర్‌ని అడిగాను, ఏదో మాటవరసకి అడిగినట్టు. మనం వాడేదే, ఇంకేముంటుంది అన్నాడు. రెండో జాబితా మేడమ్ బీరువాలో ఉంటుందట. కారణం రాసి ఆవిడ సంతకం పెట్టించుకుంటే గానీ తియ్యరట.

క్లినిక్‌లో వేరే జాబితా ఉంటుందనుకున్నాను. కాదు, అబద్ధం. అనుకోవాలని అనుకున్నాను. ముందే అడిగితే ఎందుకడుగుతున్నావంటారని భయం. ఆ పద్నాలుగు మాటలు పిన్ని జ్ఞాపకశక్తివి కావు. నేను నెలన్నర నూరిపోసినవి.

సెప్టెంబర్ 27
ఎవరికీ చెప్పలేదు. పిన్ని షాపుకి వెళ్లింది.

సెప్టెంబర్ 28
వెళ్లింది.

సెప్టెంబర్ 30
చెబితే నా సంతకం నా మెడకే చుట్టుకుంటుంది. చేరి ఏడాది కూడా కాలేదు. పైగా పిన్ని ఉద్యోగం నా చేతులతో నేనే తీసేసినట్టు. చెప్పకపోతే ఎవరో ఒకరు పోతారు. ఎవరో తెలియదు కాబట్టి మూడు రోజులు అన్నం తినగలిగాను.

ఇవాళ లంచ్ టైమ్‌లో షాపుకెళ్లి దూరంగా నిలబడ్డాను. ఒకావిడ పసివాడికి మందు తీసుకుంటోంది. ఎన్ని చుక్కలు వేయాలో పిన్ని చెబుతోంది. నేను పరుగెత్తుకెళ్లి ఆ సీసా లాక్కుని, చీటీతో పోల్చి చూశాను. పిన్ని సరిగ్గానే చెప్పింది. ఆ పసివాడి తల్లి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పిన్ని సీసా నా చేతిలోంచి తీసుకుని ఆవిడకి తిరిగిచ్చింది.

సరిగ్గా చెప్పినందుకు సంతోషించాలి కదా. చీటీ మీది అంకె ఇంకా మనసులో సరిచూసుకుంటూనే ఉన్నాను.

అక్టోబర్ 3
మేడమ్‌కి చెప్పేశాను. ఫొటో, ఉల్లిపాయలు, పద్నాలుగు, అన్నీ.

మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి బల్ల మీద పెట్టారు. ఎన్నిసార్లు చదివావన్నారు. నలభై పైనే అన్నాను. ఇంకెవరికైనా అన్నారు. లేదన్నాను. ఇక నుంచి పరీక్షలు పెట్టొద్దు, డేటా ఎంట్రీ చేసుకో, కమిటీకి నేను రాయాల్సింది రాస్తాను అన్నారు. తలూపాను. కొత్తదానివి, జాబితా ఇంటికి తీసుకెళ్లినందుకు తిట్టి వదిలేద్దును, తెలిసి కూడా ఆవిణ్ణి వారం రోజులు కౌంటర్ దగ్గర నిలబెట్టావు చూడు, అది మాత్రం మర్చిపోలేను అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

డాక్టర్‌కీ షాపు ఓనర్‌కీ నా ముందే ఫోన్ చేశారు. తర్వాత బీరువా తాళం తీశారు. ఆరో తారీఖున తీసుకురా, నేనే పెడతాను అన్నారు.

అక్టోబర్ 5
పిన్నికి చెప్పాను. ఆవిడ నవ్వింది.

ఆరోజు మొదటి మాట వినగానే గుర్తుపట్టిందట. ఇది మా పిల్ల నాకు నేర్పిందే అని చెబితే నీ ఉద్యోగానికి ఎసరు పెట్టినట్టవుతుందని నోరు మూసుకున్నానంది. నా కోసం తను, తన కోసం నేను. ఇద్దరం కలిసి ఎవరి ప్రాణం మీదికి తేబోయామో.

అదొక్కటే కాదులే, భయమేసింది కూడా అంది. పిన్ని నోట భయం అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

తర్వాత, రేపటి జాబితా ఒక్కసారి చూపించవే అంది. నా దగ్గర లేదన్నాను. ఉంటే చూపించేదానివా అంది. లేచి ఆవిడ రేపటి చీర తీసిపెట్టాను.

అక్టోబర్ 6
కొత్త జాబితా. మొదటిసారి నాలుగు. ఐదోసారికి ఆరు.

అరగంట తర్వాత ఏమేం గుర్తున్నాయని మేడమ్ అడిగితే గొడుగు, నిచ్చెన, దిండు, పడవ అని మొదలుపెట్టిందట. పాత జాబితా, వరస తప్పకుండా. మేడమ్ మధ్యలో ఆపలేదట. మొత్తం అయ్యేదాకా విని, సున్నా వేశారట.

బయటికొచ్చి బాగా చెప్పానే అంది పిన్ని.

అక్టోబర్ 20
స్కాన్ కూడా వచ్చింది. అదే. డిమెన్షియా, మొదటి దశ దాటుతోందన్నాడు డాక్టర్.

షాపుకి ఉత్తరం పిన్నే రాసింది. ఒక్క తప్పు లేదు. తాళాలు తనే స్వయంగా ఇచ్చొచ్చింది. ఓనర్ కళ్లనీళ్లు పెట్టుకుంటే ఊరుకోబెట్టింది కూడా ఆవిడే.

నవంబర్ 9
పొద్దున ఎనిమిదయ్యేసరికి తయారైపోతోంది. షాపుకి.

మొదటిరోజు ఉన్నదున్నట్టు చెప్పాను. జాబితా, మేడమ్, రెండో పరీక్ష. చెప్పింది నేనే అని కూడా. పెంచిన చేతినే కరిచావా అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటికి ఏదీ గుర్తులేదు, మళ్లీ తయారు. మళ్లీ చెప్పాను. ఏడ్చింది. మూడోరోజు మాత్రం అంతా విని, మంచి పని చేశావు, నేనైనా అదే చేసేదాన్ని అంది. ఆరోజు కడుపునిండా తిన్నాను. నాలుగో రోజు మళ్లీ కరిచావా అంది.

ఇన్నిసార్లు ఆవిణ్ణి కుళ్లబొడవడం దేనికి, షాపుకి రంగులేస్తున్నారని చెప్పెయ్ అన్నాడు సీనియర్. ఈసారి నవ్వలేదు. క్లినిక్ కరపత్రంలో ఉన్నదీ అదే. ఎంతోమంది కొడుకులకీ కోడళ్లకీ నేను చెప్పిందీ అదే. నా నోట రావడం లేదు. ఆ మూడోరోజు మాట ఇంకోసారి వినాలని ఆశ. అందుకోసం ఆవిణ్ణి రోజూ ఏడిపిస్తున్నాను. నాకు సిగ్గుగా ఉంది.

నవంబర్ 27, ఉదయం 8
చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఇక వెళ్లక్కర్లేదు పిన్నీ అన్నాను. ఎవరన్నారంది. నేనే అన్నాను.

నువ్వన్నావంటే కారణం ఉండే ఉంటుందిలే అంది. చెప్పులు విప్పేసింది.

కారణం అడగలేదు. నేను చెప్పలేదు.