కరియ చిగుళ్ల పంచాయితీ

ఎమ్మిగనూరు

డాక్టర్ ఇందు గారికి, చేనేత సొసైటీలో గుమాస్తాగా పనిచేసి దిగిపోయిన ఉరుకుందప్ప రాయునది.

ఇక్కడ నేను క్షేమం అని రాయడం మర్యాద. క్షేమంగా లేను కాబట్టి రాయడం లేదు. ఫోన్ చేయవచ్చు కదా అంటారేమో. ఫోన్లో అన్న మాటను మనిషి రేపు కాదంటాడు. కాగితాన్ని కాదనలేడు.

విషయం నా కుక్క కరియది. నా కంటి ఆపరేషన్ అప్పుడు వాణ్ణి ఆదోనిలో పత్తి వ్యాపారి చంద్రమౌళి ఇంట్లో వదిలాను. నా చిన్ననాటి స్నేహితుడే. తిరిగి వచ్చేసరికి కరియ నోరు కంపు. తర్వాత చిగుళ్లు ఉబ్బి, నెత్తురు కారి, దవడ పళ్లన్నీ రాలిపోయాయి. చంద్రమౌళికీ ఒక కుక్క ఉంది, సోఫా మీద పడుకునే రకం. పత్తి మార్కెట్లో అందరి ముందు నిలదీస్తే ఏమన్నాడో తెలుసా?

"నీ పక్కన చీమ కూడా బతకదప్పా! నీ నోట్లో విషమే కుక్కకు ఎక్కింది, పో!"

హమాలీలు కూడా నవ్వారు.

మీ పరిశోధనశాలలో కుక్కల చిగుళ్లను తినే క్రిములను పెంచుతున్నారని మా పశువుల డాక్టరు చెప్పాడు. కరియ నోటి నమూనా దూదితో తీసి పంపుతున్నాను. క్రిమిని పెంచి, అది చంద్రమౌళి కుక్క నుంచే వచ్చిందని సర్టిఫికెట్ ఇవ్వండి.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క.: ఆ సోఫా కుక్క పేరు టైగర్. పేరు కూడా రాయండి. ఆదోనిలో పేరుకూ పనికీ ఎంత దూరమో చదివేవాళ్లకు తెలియాలి.

*

ఆదోని

గౌరవనీయులైన ఉరుకుందప్ప గారికి నమస్కారాలు.

మీ నమూనా అందింది. ఏమీ పెరగలేదు. ఈ క్రిములు మహా మొండివి. గాలి తగిలితే చస్తాయి. నెత్తురు కలిపిన జెల్లీ పళ్లెంలో, గాలి లేని పెట్టెలో పెట్టి వారాల తరబడి కాచుకోవాలి. అప్పుడూ అలుగుతాయి. అది ఎవరి కుక్క నుంచి వచ్చిందో తేలినా తేలకపోయినా, పెరిగితే ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. కరియకు కావలసింది అదే. నమూనా తీసే ముందు వాడి నోరు కడిగారా?

భవదీయురాలు,
ఇందు

తా.క.: దూది వేపపుల్ల వాసన కొడుతోంది.

*

ఎమ్మిగనూరు

ఇందు గారికి,

కడగకుండా ఎట్లా పంపుతారు? పెళ్లిచూపులకు పిల్లను పాచి మొహంతో కూర్చోబెడతారా? ఆదోని వాళ్ల ముందుకు ఎమ్మిగనూరు నోరు పోతోంది. వేపపుల్లతో తోమి, ఉప్పునీళ్లు పోసి (పుక్కిలించమంటే మింగాడు), పసుపు అద్ది మరీ తీశాను. మర్యాద చేస్తే చచ్చే క్రిమిని ఇప్పుడే చూస్తున్నాను. మర్యాద చేస్తే నెత్తికెక్కే మనుషులనే ఇంతవరకూ చూశాను.

మందు సంగతి త్వరగా తేల్చండి. పళ్లు లేకపోయినా కరియ పూటకో జొన్నరొట్టె తింటున్నాడు. ఎట్లా అని అడగవద్దు.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క.: ఈసారి కడగలేదు. మీరు పంపిన సీసాలోనే పెట్టాను. ఎండలో బస్సు ప్రయాణం కాబట్టి, లోపల ఊపిరాడాలని మూతకు సూదితో చిల్లులు పొడిచాను.

*

ఆదోని

తాతగారికి నమస్కారాలు. (మాది హొళగుంద. పెద్దవాళ్లను ఇట్లాగే పిలవడం అలవాటు, కోపం తెచ్చుకోవద్దు.)

ఆ చిల్లులే కొంప ముంచాయి. ఊపిరే వాటికి చావు. మా పరిశోధనశాలలో పనిచేసే బాలరాజు వచ్చి నమూనా తనే తీసుకుంటాడు. మీరు దయచేసి ఏ సాయమూ చేయవద్దు.

చంద్రమౌళి గారు టైగర్‌ను స్వయంగా తీసుకొచ్చారు. ఎంత మంచివారో! మా అందరికీ ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

మీ,
ఇందు

తా.క.: టైగర్ చిగుళ్లు శుభ్రంగా ఉన్నాయి.

*

ఎమ్మిగనూరు

డాక్టరమ్మకు,

ఉగ్గాణి! తాలింపు వేసిన బొరుగులు! రాజ్యాలు బంగారానికి అమ్ముడుపోవడం చరిత్రలో చదివాను. సైన్సు బొరుగులకు అమ్ముడుపోవడం ఆదోనిలోనే చూస్తున్నాను. బజ్జీ నూనె అంటిన వేళ్లతో చూస్తే ఏ నోరైనా శుభ్రంగానే కనిపిస్తుంది. ఎవరెవరు ఎన్ని బజ్జీలు తిన్నారో చెప్పమని సమాచార హక్కు కింద అర్జీ పెడుతున్నాను.

మీ బాలరాజు వచ్చాడు. కరియ నోట్లో పుల్ల పెట్టి, "పెద్దాయనా, నువ్వు రవ్వంత దూరం పో. నువ్వు అరుస్తాంటే కుక్క నిమ్మళంగానే ఉండాది, నాకే చెయ్యి వణుకుతాంది" అన్నాడు. వాడూ చంద్రమౌళి మనిషే.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క.: మొన్నటి నుంచి కరియ రొట్టె ముట్టడం లేదు. నోట్లో పెట్టినా నా వైపు చూసి వదిలేస్తున్నాడు. అర్జీ సంగతి తర్వాత. క్రిమి సంగతి చూడు తల్లీ.

*

ఆదోని

తాతా,

పెరిగింది!

పళ్లెమంతా ఖాళీ. ఒక్కచోట మాత్రం వేరే క్రిమి చుక్క ఒకటి ఉంటే, దాన్ని ఆనుకుని మన మొండిది నల్లగా మొలిచింది. అందులో కొంత విడదీసి పెడితే అది చచ్చింది. ఇంకొంత తీసి దాని పక్కనే పెడితే బతికింది. ఆ పక్కది వదిలేదేదో అందితే తప్ప ఇది పెరగదు.

టైగర్ నోట్లో ఈ రెండూ దొరకలేదు. మీరు అడిగిన సర్టిఫికెట్ ఇవ్వలేను.

ఇంకొక మాట. ఆ పక్క క్రిమి మామూలుగా మనుషుల నోట్లో ఉండేది. తాతా, కరియకు రొట్టె ఎవరు నమిలి పెడుతున్నారు?

దానివల్లే జబ్బు ముదిరిందా అంటే చెప్పలేను. ఇకమీదట మాత్రం వద్దు. పనిచేసే మందు తెలిసింది, చీటీ జతచేశాను. వెంటనే మొదలుపెట్టండి. రెండు క్రిములనూ ఒకే గొట్టంలో పోసి, గడ్డకట్టే చలిలో దాచాం. ఏళ్ల తరబడి ఉంటాయి.

మీ,
ఇందు

తా.క.: మీ చిగుళ్లు కూడా పళ్ల డాక్టరుకు చూపించుకోండి. బజ్జీ నేను ఒక్కటే తిన్నాను.

*

ఎమ్మిగనూరు

చిరంజీవి ఇందుకు ఆశీస్సులు.

నమిలింది నేనే. నాకు పళ్లు రాకముందు మా అవ్వ నమిలి పెట్టింది. ఆమెకు పళ్లు పోయాక మా అమ్మ నమిలి పెట్టింది. నేను చదివిన పుస్తకాల్లో ఏదీ ఇది తప్పని చెప్పలేదు. పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పని పుస్తకాలు ఎన్ని చదివానో ఇప్పుడు తెలుస్తోంది.

చీటీ అందింది. అంతకు ముందు రోజే కరియ పోయాడు.

చంద్రమౌళి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "పోయినాడంట కదప్పా" అన్నాడు.

"నీకు సంతోషమే కదా" అన్నాను.

"నోరు పారేసుకోవద్దు. మా ఇంట్లో ఉన్న నెలంతా వాడు నువ్వొస్తావని గేటు కాడే పండుకున్నాడు. ఏం పెట్టినా సరిగ్గా తినలేదు. ఆ మాట సెప్తే నువ్వు నమ్ముతావా?"

నమ్మాను. అందుకే ఇంకా కోపం వచ్చింది. తలుపు వేసుకున్నాను.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి. అతను నన్ను రెండు మాటలు అన్నాడు. నా నోటి విషం కుక్కకు ఎక్కిందన్నాడు. దానికి నువ్వు చెప్పలేనన్నావు. అట్లాగే ఉంచు, దాని మీద ముద్ర వద్దు. నా పక్కన చీమ కూడా బతకదన్నాడు. చీమ కన్నా చిన్నది, లోకంలో ఏదీ గిట్టనిది, గాలి కూడా సరిపడనిది, నా నోటి క్రిమి పక్కన, అంటే నా పక్కన తప్ప, బతకనంటోంది. ఆ ఒక్క మాట రాసి, ముద్ర కొట్టి, చంద్రమౌళికి పంపు. నాకు కాపీ అక్కర్లేదు.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క.: ఆ రెండింటినీ విడదీయవద్దు. చలిలో పెట్టామన్నావు, కరియకు చలి పడదు. పైన గోనెపట్టా ఏదైనా కప్పడానికి వీలవుతుందేమో బాలరాజును అడుగు.